లాబ్రడూడుల్: అలర్జీ రాని కుక్క కోసం చేసిన ప్రయోగం.. చివరికి పుట్టించిన వ్యక్తే బాధపడ్డారు!

ఉంగరాల జుట్టు, టెడ్డీబేర్ లాంటి ముఖం. రీల్స్‌లో ఇలాంటి కుక్కల్ని చూసే ఉంటారు. వాటిలో బాగా పేరున్నది లాబ్రడూడుల్. ముద్దొచ్చే ఈ కుక్క వెనుక పెద్ద కథే ఉంది.

అసలు ఎలా మొదలైంది?

1980లలో హవాయికి చెందిన ఓ అంధ మహిళకు గైడ్ డాగ్ అవసరమైంది. కానీ ఆమె భర్తకు కుక్కలంటే అలర్జీ. దాంతో ఆమె ఆస్ట్రేలియాలోని రాయల్ గైడ్ డాగ్ సంస్థను సంప్రదించారు. అక్కడ కుక్కల పెంపకం చూసే వాలీ కాన్రన్ ముందుగా పూడుల్స్‌ను పరీక్షించారు. వాటి జుట్టు పెద్దగా రాలదు. అయితే ఎన్నింటిని చూసినా గైడ్ పనికి ఒక్కటీ పనికిరాలేదు.

అప్పుడు వచ్చిన ఆలోచనే ఈ క్రాస్. లాబ్రడార్, స్టాండర్డ్ పూడుల్‌ను జత కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. వాటి వెంట్రుకలు, లాలాజలం శాంపిల్స్ హవాయికి పంపారు. ఆ భర్తకు ఒక్క పిల్లే పడింది. దాని పేరు సుల్తాన్. మిగతా రెండింటిని తీసుకోవడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. 'క్రాస్ బ్రీడ్' అనకుండా 'లాబ్రడూడుల్' అని ప్రచారం చేశాక ఒక్కసారిగా డిమాండ్ పెరిగింది.

రెండూ నీళ్ల కుక్కలే!

లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో జాలర్లకు సాయం చేసేవి. పూడుల్ కూడా ఒకప్పుడు నీళ్లలో పడిన బాతుల్ని తెచ్చిచ్చే వేట కుక్కే. ఒకటి ఓపికకు, రెండోది తెలివికి పేరు. కానీ పిల్లకు ఎవరి పోలిక వస్తుందో ముందే చెప్పలేం. ఒకే ఈతలో ఒకదానికి ఉంగరాల జుట్టు రావొచ్చు, ఇంకోదానికి లాబ్రడార్‌లా రాలే జుట్టు రావొచ్చు.

మరి అలర్జీ రాదా?

అలా గ్యారంటీ ఏమీ లేదు. అలర్జీకి అసలు కారణం జుట్టు కాదు. కుక్క లాలాజలం, రాలే చర్మపు పొట్టు, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. అవి ప్రతి కుక్కలోనూ ఉంటాయి. ఆ మొదటి మూడు పిల్లల్లోనే ఒక్కటే పడిందన్న విషయం గుర్తుంచుకోవాలి.

ఆరోగ్యం మాటేంటి?

తుంటి కీలు సమస్య, చూపు క్రమంగా తగ్గే కంటి జబ్బు.. రెండు జాతుల్లోనూ కనిపిస్తాయి. కాబట్టి క్రాస్ చేసినంత మాత్రాన అవి మాయం కావు. డబ్బు కోసం ఎలాంటి పరీక్షలు లేకుండా పిల్లల్ని పుట్టించేవాళ్లు పెరగడంతో, ఈ క్రాస్ చేసినందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని కాన్రన్ 2019లో ఆస్ట్రేలియా బ్రాడ్‌కాస్టర్ ఏబీసీతో చెప్పారు.

కొనాలనుకుంటే ఏం చూడాలి?

తల్లి, తండ్రి కుక్కల తుంటి, కంటి పరీక్షల రిపోర్టులు అడగండి. ఇంట్లో అలర్జీ ఉన్నవాళ్లుంటే డబ్బు కట్టే ముందే వాళ్లను ఆ కుక్కతో కొన్ని గంటలు గడపనివ్వండి. ఇంటికి తెచ్చాక పడలేదని వదిలేస్తే, ఏ తప్పూ చేయని ఆ కుక్కే రోడ్డున పడుతుంది.