పెంకుటింట్లో ఫ్లాష్

కురుపాం దాటి గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్లే కొద్దీ కొండలు దగ్గరవుతాయి, సవర, జాతాపు గూడేలు మొదలవుతాయి. ఎర్రమట్టి గోడలు, పైన నాటు పెంకులు లేదా సిమెంటు రేకులు, వసారాలో ఒక బల్బు. అలాంటి ఇంట్లో పెళ్లికో, కందికొత్తల పండగకో రాత్రిపూట ఎవరైనా కెమెరా తీస్తే, దాని నెత్తిమీది బుల్లి ఫ్లాష్ టప్పున లేచి నిలబడుతుంది. మర్నాడు ఫొటో చూస్తే అమ్మమ్మ నుదురు తెల్లగా పేలిపోయి ఉంటుంది. కళ్లు ఎర్రగా ఉంటాయి. వెనక గోడమీద ఆమె తల నీడ కత్తెరతో కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. ముఖంమీద ముడతలు, పచ్చబొట్టు గీతలు, ముక్కుపోగు నీడ, ఆమెను ఆమెగా చూపించేవేవీ మిగలవు. చాలా ఇళ్లలో ఆ మనిషికి ఉండే ఫొటోలు ఒకటో రెండో. అందుకే ఈ లోపం నాకు చిన్నదిగా అనిపించదు.

ఒక పాత శుభలేఖ, ఒక రబ్బరు బ్యాండు ఉంటే దీన్ని చాలావరకు సరిదిద్దవచ్చు. ఫ్లాష్ ముందు తెల్లటి అట్టముక్కను ఏటవాలుగా నిలబెట్టి వెలుగును పక్కదారి పట్టించడమే ఉపాయం. దీన్ని బౌన్స్ కార్డ్ అంటారు. అయితే మన్యం ఇళ్లలో అట్టముక్క ఒక్కటే చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే, ఫ్లాష్ తన జీవితంలో ఏం సంపాదించిందో, ఏం పోగొట్టుకుందో చూడాలి.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీతే, యోహానెస్ గేడికే అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్, యాంటిమొనీ సల్ఫైడ్ కలిపి ఫ్లాష్ పౌడర్ చేశారు. ముట్టిస్తే భగ్గుమని మండి, గదినంతా వెలిగించి, తెల్లటి పొగ వదిలేది. న్యూయార్క్ మురికివాడల్లో పేదలు బతికే చీకటి గదులను ఫొటోగ్రాఫర్ జేకబ్ రీస్ ప్రపంచానికి చూపించింది దీనితోనే. ఆ పనిలో ఇంటికి నిప్పంటుకున్న సందర్భాలూ ఉన్నాయని ఆయనే రాసుకున్నాడు. ఆ ప్రమాదాన్ని 1929-30 ప్రాంతంలో వచ్చిన ఫ్లాష్ బల్బు తప్పించింది. మంట గాజు బుడ్డి లోపలికి వెళ్లింది, దాని వెనక అరచేతికన్నా పెద్ద లోహపు గిన్నె ఉండేది. ఒక్కో ఫొటోకు ఒక్కో బల్బు కాలిపోయేది. ఆ ఖర్చునూ తీర్చే దారి 1931లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ చేసిన స్ట్రోబోస్కోప్‌తో తెరుచుకుంది. ఈనాటి ఫ్లాష్ ఆ వంశానిదే. కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టుల దగ్గర విద్యుత్తు నిలవ చేసి, గాజు గొట్టంలోని జినాన్ వాయువుకు కొన్ని వేల వోల్టుల తాకిడి తగిలిస్తే, ఆ నిలవంతా సెకనులో వెయ్యో వంతుకు అటూఇటూగా వెలుగై బయటపడుతుంది. మళ్లీ నింపుకుంటే మళ్లీ వెలుగుతుంది.

1975లో జపాన్ కంపెనీ కోనికా తన సీ35 ఈఎఫ్ కెమెరాలో ఈ ఫ్లాష్‌ను కెమెరా ఒంట్లోనే ఇరికించి జనంలోకి తెచ్చింది. మన ఊళ్లకు కొడాక్ కేబీ10 లాంటి చవక కెమెరాలతో అది ఇంటింటికీ చేరింది. ఫొటోగ్రాఫర్‌ను పిలిపించకుండా ఇంట్లోవాళ్లే రాత్రిపూట ఫొటో తీసుకోగలగడం నిజంగా పెద్ద మార్పే.

కానీ ఈ దారిపొడవునా వెలుగు వచ్చే చోటు చిన్నదవుతూ వచ్చింది. పౌడర్ మంట పెద్దది. బల్బు గిన్నె కనీసం అరచేయంత. ఇప్పటి కెమెరా ఫ్లాష్ అద్దం మూడు సెంటీమీటర్ల వెడల్పు. నీడ అంచు మెత్తగా పడుతుందా, గీత గీసినట్టు పడుతుందా అనేది వెలుగు ఎంత ఉందన్న దానిమీద కాదు, ముఖం వైపు నుంచి చూస్తే ఆ వెలుగు ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్న దానిమీద ఆధారపడుతుంది. లెక్క వేద్దాం. మనిషి ఫ్లాష్‌కు ఒకటిన్నర మీటర్ల దూరంలో, గోడకు 30 సెంటీమీటర్ల ముందు నిలబడితే, మూడు సెంటీమీటర్ల దీపం వేసే నీడ అంచు ఆరు మిల్లీమీటర్లలోనే చీకటి నుంచి వెలుగులోకి మారిపోతుంది. అదే దూరంలో మీటరు వెడల్పున్న వెలుగైతే ఆ మార్పు 20 సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. అంత మెల్లగా మారే నీడను కన్ను నీడగా గుర్తించదు, ముఖంమీదైతే దాన్ని ముఖపు గుండ్రదనంగా చదువుకుంటుంది.

కళ్లు ఎర్రబడటం వేరే కథ. ఫ్లాష్ లెన్సుకు మరీ దగ్గరగా ఉండటంతో, చీకట్లో విచ్చుకున్న కంటిపాపలోంచి లోపలికి వెళ్లిన వెలుగు కంటి వెనకపొర నెత్తురు రంగు పులుముకుని నేరుగా లెన్సులోకి తిరిగి వస్తుంది. వెలుగు వచ్చే దిక్కు మారితే ఈ బాధ కూడా పోతుంది.

వెలుగును తిప్పి పెద్దది చేయడంలో మనదేశపు పాఠం ఒకటి ప్రపంచమంతా నేర్చుకోదగ్గది. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' 1956లో విడుదలైంది. కాశీలోని ఇంటి నడిమి ముంగిలిని కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త కలకత్తా స్టూడియోలో సెట్‌గా కట్టారు. నిజం ముంగిట్లో పైనుంచి దిగే ఆకాశపు వెలుగుకు నీడలుండవు, స్టూడియో దీపాలకేమో ప్రతిదానికీ నీడే. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా సెట్ పైన తెల్లగుడ్డ పరిపించి, దీపాలను నటుల వైపు కాకుండా ఆ గుడ్డ వైపు తిప్పారు. గుడ్డే ఆకాశమైంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. బౌన్స్ లైటింగ్ చరిత్రలో ఆ గుడ్డకు ఇవ్వవలసిన చోటు మనం ఇంకా ఇవ్వలేదని నా అభిప్రాయం.

ఇక అట్టముక్క తయారీ. శుభలేఖ లోపలి తెల్లటి భాగం గానీ, దళసరి డ్రాయింగ్ షీటు గానీ పది సెంటీమీటర్ల పొడవు, ఏడు సెంటీమీటర్ల వెడల్పు కత్తిరించండి. మెరుపు లేని తెలుపు కావాలి. అడుగు అంచున, లేచిన ఫ్లాష్ కాళ్లు పట్టేలా రెండు చీలికలు పెట్టండి. అక్కడ తొడిగి, అడుగు అంచు ఫ్లాష్‌ను దాదాపు ఆనుకుని, పై అంచు ముందుకు వాలేలా 45 డిగ్రీలకు వంచి రబ్బరు బ్యాండుతో బిగించండి. అలా వాలినప్పుడే ముందుకు వెళ్లే వెలుగు పైకి తిరుగుతుంది. ఫ్లాష్ అద్దాన్ని మాత్రం అట్ట అంటుకోకూడదు, వరసగా తీస్తే అది వేడెక్కుతుంది. కార్డు అంచు ఫొటోలోకి రాకుండా చూసుకోవాలి. అట్ట పలచనైతే దానిలోంచి కొంచెం వెలుగు ముందుకు కూడా కారుతుంది, అది మంచిదే, కళ్లలో చిన్న మెరుపు మిగులుతుంది. తెల్లకాగితం వెలుగును అన్నివైపులకూ వెదజల్లుతుంది కాబట్టి కొంత వృథా అవుతుంది. ఎక్కువ భాగం ఒకేవైపు వెళ్లాలంటే చిప్స్ ప్యాకెట్ లోపలి వెండిపొరను సాపు చేసి అట్టకు అంటించవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫొటో జర్నలిజం బోధించిన కెన్ కోబ్రే ఇదే పనికి అద్దం వాడి లైట్‌స్కూప్ అనే పరికరం తయారుచేశారు.

ఈ ఉపాయం ఫిల్ము రోజుల్లో ఎందుకు ఇంటింటి విద్య కాలేదు? బలం చాలదు గనక. ఇలాంటి చిన్న ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరు 12 అనుకుంటే, వెలుగుకు ఫిల్ము ఎంతగా స్పందిస్తుందో చెప్పే ఐఎస్‌ఓ 100 దగ్గర, ఎఫ్/4 రంధ్రంతో అది నేరుగా మూడు మీటర్లు మాత్రమే అందుకుంటుంది. పైకప్పుకు కొట్టి తిప్పితే దారి పెరుగుతుంది, కప్పు కొంత మింగుతుంది, ఎనిమిదో వంతే మిగిలిందనుకుంటే మీటరు దాటాక చీకటే. డిజిటల్ కెమెరాలో ఐఎస్‌ఓ 1600 పెడితే అందే దూరం నాలుగింతలవుతుంది. ఆ తరుగు పోయాక కూడా నాలుగు మీటర్లు మిగులుతుంది. ఒక గదికి అంతకన్నా ఏం కావాలి. ఆటోమేటిక్ పద్ధతిలో కెమెరా ముందుగా చిన్న మెరుపు మెరిపించి, లెన్సులోంచి తిరిగొచ్చిన వెలుగును కొలిచి తనే సరిచూసుకుంటుంది కాబట్టి కార్డు పెట్టామని దానికి విడిగా చెప్పనక్కర్లేదు.

అయితే ఈ లెక్కంతా పైన సున్నం వేసిన శ్లాబు ఉందనుకుని చేసింది. కార్డు వెలుగును పంపిస్తుందే తప్ప తనకై తాను పెద్ద దీపం కాలేదు. వెలుగు వెళ్లి తగిలే రెండో తెలుపే అసలు దీపం. పెంకుటింట్లో పైకి కొడితే ఏం తిరిగొస్తుంది? పొయ్యి పొగకు నల్లబడ్డ వాసాలు, పెంకుల సందులు దాన్ని తాగేస్తాయి. ఎర్రమట్టి గోడకు కొడితే తిరిగొచ్చేది ఎర్రటి వెలుగు, ముఖాలకూ ఆ రంగే అంటుతుంది. కాబట్టి కురుపాం కొండల్లో ఫొటో తీసేవాళ్లు సుబ్రత మిత్రా చేసినట్టే ఆకాశాన్ని వెంట తెచ్చుకోవాలి. ఇంట్లో దండెం ఎలాగూ ఉంటుంది. దానిమీద తెల్ల పంచె గానీ దుప్పటి గానీ ముడతల్లేకుండా ఆరేసి, మనిషిని దాని పక్కన మీటరున్నర దూరంలో కూర్చోబెట్టండి. కార్డును పైకి కాక ఆ గుడ్డ వైపు వాలేలా పక్కకు తిప్పండి. పగలు గుమ్మంలోంచి వెలుగు పడినట్టే ముఖంమీద ఒకవైపు నుంచి మరోవైపుకు మెల్లగా జారుతుంది. నీలిమందు ఎక్కువైన గుడ్డ చల్లటి రంగు ఇస్తుంది, కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను ఆ గుడ్డమీదే సరిచేసుకుంటే సరిపోతుంది.

ముఖాల గురించి ఇంకొక్క మాట చెప్పాలి. నలుపు, చామనఛాయ ఒళ్లు వెలుగును లోపల ఎక్కువగా దాచుకుంటాయి. కెమెరాకు చేరేదానిలో చర్మం పైపొర మెరుపు వాటా ఎక్కువ. దీపం చిన్నదైతే ఆ మెరుపు నుదుటిమీద, ముక్కుమీద తెల్లటి చుక్కలై మిగతాదంతా నల్లబడుతుంది. దీపం వెడల్పయితే అదే మెరుపు చెంపల మీదుగా, దవడ మీదుగా పరుచుకుని ముఖం ఆకారాన్ని చెక్కి చూపిస్తుంది. దశాబ్దాల పాటు ఫిల్ము కంపెనీలు తెల్ల చర్మం ఉన్న స్త్రీల ఫొటోలతోనే రంగులు సరిచూసుకున్నాయి. షర్లీ కార్డులని వాటికి పేరు. సరిగా పడని ఫొటోకు మనవాళ్లు తమ రంగునే తప్పు పట్టుకుంటూ వచ్చారు. తప్పు దీపం సైజుది, ఆ కొలతలది. గోడలమీది సవర బొమ్మలు తీసేటప్పుడు కూడా ఇదే పద్ధతి మేలు. నేరుగా కొట్టిన ఫ్లాష్ నడిమధ్య తెల్ల మచ్చ వేస్తుంది, పక్కనుంచి వచ్చిన వెలుగు మట్టి గరుకునూ పిండి గీత మందాన్నీ కూడా చూపిస్తుంది.

కెమెరా లేదు, ఫోనే ఉందంటే, ఫోన్లో ఫ్లాష్ ఆపేయండి. పక్కవాళ్ల రెండు ఫోన్ల టార్చీలు వెలిగించి దుప్పటి వైపు తిప్పి పట్టుకోమనండి, ముఖం వైపు కాదు. ఆ వెలుగు తక్కువ కాబట్టి మీ ఫోనును దేనికైనా ఆనించి, అమ్మమ్మను ఒక్క క్షణం కదలకుండా ఉండమని అడగండి.