ఊరి పక్కన కరెంటు టవర్లు: అభ్యంతరం చెప్పేదెలా?



ఎసెక్స్‌లో మేముండే చిన్న ఊళ్ళో ఆమధ్య ఇంటింటికీ ఒక కరపత్రం పంచారు. పొలాల మీదుగా 50 మీటర్ల ఎత్తు టవర్లు రాబోతున్నాయి, అందరూ అభ్యంతరం తెలపండి అని దాని సారాంశం. నేను ఆ రాత్రే కూర్చుని ఒక పేజీ రాశాను. మా ఇంటి ధర పడిపోతుంది, మా వంటింటి కిటికీలోంచి కనిపించే పొలం పాడైపోతుంది, ఇవీ నా వాదనలు. రిటైరైన సర్వేయరు ఒకాయన మా పక్కింట్లో ఉంటారు. ఆయన అది చదివి, "మీ బాధ నిజమే, కానీ నిర్ణయం తీసుకునేటప్పుడు దీనికి తూకం చాలా తక్కువ" అన్నారు. మరి దేనికి తూకం ఉంటుంది? ఆ ప్రశ్న పట్టుకుని నేను తెలుసుకున్న సంగతులే ఈ ప్రసంగం.

ముందు ఆ లైను సంగతి. నార్విచ్ నుంచి టిల్‌బరీ దాకా నార్ఫోక్, సఫోక్, ఎసెక్స్ కౌంటీల మీదుగా సుమారు 180 కిలోమీటర్ల పొడవున 400 కిలోవోల్టుల లైను వేయాలని నేషనల్ గ్రిడ్ సంస్థ ప్రతిపాదన. 2022లో వేరే పేరుతో మొదటిసారి ప్రజల ముందు పెట్టారు. 2025 ఆగస్టులో అనుమతి కోసం దరఖాస్తు చేశారు. దీనికి ఎదురు నిలిచిన వాళ్ళలో ముఖ్యమైనది ఎసెక్స్ సఫోక్ నార్ఫోక్ పైలన్స్ అనే ప్రజాసంఘం.

ఈ లైను ఎందుకంటారా? ఈ దేశంలో గ్రిడ్డు ఎక్కువ భాగం బొగ్గు విద్యుత్ కేంద్రాల కాలంలో కట్టినది. ఇప్పుడు కరెంటు నార్త్ సీలోని గాలిమరల నుంచి తూర్పు తీరానికి వస్తోంది. వాడకం లండన్ చుట్టుపక్కల ఎక్కువ. మధ్యలో దారి చాలదు. మరి 400 కిలోవోల్టులు ఎందుకు? అంతే విద్యుత్తును రెండింతల వోల్టేజితో పంపితే తీగలో పారే కరెంటు సగమవుతుంది, వేడి రూపంలో పోయే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. అందుకే అంత ఎత్తు టవర్లు, అంత ఎడం తీగలు.

"భూమిలో పూడ్చేయొచ్చుగా" అని అందరూ అడుగుతారు. పూడ్చవచ్చు, కానీ ఖర్చుంది. ఇంజనీర్ల సంస్థ ఐఈటీ 2025లో ప్రచురించిన నివేదిక ప్రకారం, టవర్ లైను కంటే భూగర్భ కేబులుకు సగటున నాలుగున్నర రెట్లు ఎక్కువవుతుంది. ఆ డబ్బు చివరికి అందరి కరెంటు బిల్లుల్లోంచే రావాలి. పైగా కేబుళ్ళ కోసం పొలాల్లో వెడల్పాటి పట్టీ తవ్వాలి, దాని మీద చెట్లు పెంచడానికి వీలుండదు. ప్రభుత్వ విధానపత్రంలోనూ మామూలు చోట్ల టవర్లే మొదటి ఎంపిక. జాతీయ స్థాయిలో రక్షణ ఉన్న ప్రకృతి ప్రాంతాల్లో మాత్రం భూగర్భ కేబులు మొదటి ఎంపిక. ఈ లైనులోనే డెడమ్ వేల్ దగ్గర కేబుల్ని పూడుస్తామని ప్రతిపాదించారు.

ఇక నిర్ణయం ఎవరిది? మన కౌన్సిల్‌ది కాదు. ఇంత పెద్ద లైన్లు 2008 ప్లానింగ్ చట్టం కిందికి వస్తాయి. దరఖాస్తు అందాక దాన్ని స్వీకరించాలో లేదో ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ 28 రోజుల్లో చెబుతుంది. ఆ తర్వాత కనీసం నాలుగు వారాల గడువిచ్చి, అభ్యంతరం ఉన్నవాళ్ళను పేరు నమోదు చేసుకోమంటారు. ఈ గడువు చాలా ముఖ్యం. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు పరిశీలనలో పాల్గొనే హక్కు ఉంటుంది. ఆరు నెలల లోపు పరిశీలన, మూడు నెలల్లో సిఫారసు, మరో మూడు నెలల్లో మంత్రి నిర్ణయం. నిర్ణయం వచ్చాక కోర్టుకు వెళ్ళాలంటే గడువు ఆరు వారాలే. అక్కడా తప్పు జరిగిన పద్ధతి మీద వాదించాలి గాని, నిర్ణయం మనకు నచ్చలేదంటే చెల్లదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, తూకం సంగతి. టవర్ లైన్లు ఎటు వెళ్ళాలో చెప్పడానికి 1959లో విలియం హోల్‌ఫోర్డ్ అనే ఆయన కొన్ని సూత్రాలు రాశారు. వాటినే ఈనాటికీ హోల్‌ఫోర్డ్ రూల్స్ అంటారు. అందమైన ప్రాంతాలను వీలైనంత తప్పించాలి, అనవసరమైన మలుపులు పెట్టకూడదు, టవరు వెనక ఆకాశం కాకుండా కొండో చెట్లో ఉండేలా చూడాలి, ఇలా సాగుతాయి. కంపెనీ తన దారిని సమర్థించుకునేది ఈ సూత్రాలతోనే. కాబట్టి మనమూ ఆ భాషలోనే అడగాలి. "ఫలానా నంబరు టవరు దిబ్బ నెత్తిన నిలబడుతుంది, కొంచెం దక్షిణానికి జరిపితే అడవి చాటున పడుతుంది" అని రాస్తే కంపెనీ జవాబు చెప్పక తప్పదు. పాత చర్చి, గబ్బిలాలు తిరిగే చెట్ల వరస, వరద నీరు నిలిచే పొలం, పనుల కోసం లారీలు వెళ్ళే సన్నటి దారి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. తేదీ వేసిన ఫోటో ఉంటే మరీ మంచిది. ఒకే ఉత్తరాన్ని వందమంది సంతకం పెట్టి పంపడం కంటే, వందమంది తమకు తెలిసిన వంద సంగతులు రాయడం నయం.

నా రెండో ఉత్తరంలో ఇంటి ధర మాట లేదు. మా ఊరి బడికి పిల్లలు నడిచివెళ్ళే సందు, ఆ సందులో వెళ్ళబోయే లారీలు, ఇదే రాశాను.

ఆరోగ్యం గురించి కూడా చాలామంది భయపడుతున్నారు. ఇలాంటి లైన్ల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం 2002లో "కాన్సర్ కారకం కావచ్చు" అనే వర్గంలో చేర్చింది. అంటే పరిమితమైన ఆధారాలున్నాయి, రుజువు లేదు. ఆ క్షేత్రం దూరంతో త్వరగా తగ్గిపోతుంది. అంతర్జాతీయ పరిమితులకు లోబడి ఉన్నామని చూపితే కంపెనీకి ఆ వాదనలో పెద్ద ఇబ్బంది ఉండదు. మన శక్తంతా అక్కడే ఖర్చుపెట్టడం తెలివి కాదు.

మరి ఇలా పోరాడితే ఏమొస్తుంది? పూర్తిగా ఆగిపోవడం అరుదని ముందే ఒప్పుకోవాలి. స్కాట్లండ్‌లో బ్యూలీ నుంచి డెన్నీ దాకా వేసిన లైనుకు వేల అభ్యంతరాలు వచ్చాయి, 2007లో బహిరంగ విచారణ జరిగింది. అయినా 2010లో అనుమతి ఇచ్చారు, కట్టేశారు. హింక్లీ పాయింట్ అణు విద్యుత్ కేంద్రం లైను సంగతి వేరు. 57 కిలోమీటర్లలో మెండిప్ కొండల దగ్గర 8.5 కిలోమీటర్లు భూమిలోకి వెళ్ళింది, మరికొంత దూరం 35 మీటర్ల ఎత్తున్న కొత్త రకం టవర్లు పెట్టారు. డోర్సెట్‌లో అయితే ఉన్న 22 టవర్లనే తీసేసి, 2022కల్లా కేబుల్ పూడ్చారు. కొత్త లైనుకు 500 మీటర్ల లోపు ఇళ్ళకు పదేళ్ళలో 2,500 పౌండ్ల దాకా బిల్లు తగ్గిస్తామని ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. అంటే దారి, ఎత్తు, పూడ్చడం, పరిహారం, ఈ నాలుగింటి మీద బేరం సాధ్యమే.

మన ఊళ్ళ మాట ఒకటి. "మన చేలో టవరు వేస్తారంట, ఏం చెయ్యాలిరా" అని ఇంటి నుంచి ఫోను వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. అక్కడ దారి మీద వాదించే ఇలాంటి పరిశీలన లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి వచ్చిన అధికారాలతో, భూమిని సేకరించకుండానే టవర్లు వేస్తూ వచ్చారు. పరిహారంలో మాత్రం మార్పు వచ్చింది. టవరు కాళ్ళ కింది స్థలానికి భూమి విలువకు రెండింతలు, తీగల కింది పట్టీకి 30 శాతం ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. అంతకుముందు 2015 నాటి లెక్కలో అవి 85 శాతం, 15 శాతం. వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. కాబట్టి మీ నాన్నగారు సంతకం పెట్టేముందు, ఏ లెక్కన ఇస్తున్నారో రాతపూర్వకంగా చెప్పమని కలెక్టరును అడగమనండి.

ఇక్కడ గడువులున్నాయి, హక్కులున్నాయి. మీటింగుల్లో మాత్రం మనవాళ్ళు కనిపించరు. లైను కావాలనుకున్నా వద్దనుకున్నా ఫరవాలేదు, ఆ మాట గడువు లోపల చెప్పండి. ఈసారి మీ తలుపు సందులో ఇలాంటి కరపత్రం పడితే, చివరి తేదీ చూసి కాలెండరు మీద రాసుకోండి.