పాత శిరస్త్రాణమునకు పాత చీల

వంటపాత్రలతోను పూజాసామగ్రితోను ప్రొద్దుపుచ్చు మనకు యోధుల శిరస్త్రాణములతో నేమి ప్రసక్తి యని మీరు నవ్వుదురేమో. కాని యటకమీది పెట్టెల తాళపుచెవులు మన కొంగులనే యున్నవి గదా! ఆ పెట్టెలలోని వస్తువు నిలుచుటయు నశించుటయు తఱచు మన చేతిలోని పనియే.

మా కొల్లాపురము సురభివంశీయు లేలిన జటప్రోలు సంస్థానమునకు రాజధాని. పొరుగున నున్న వనపర్తి సంస్థానమున ఆఫ్రికా దేశీయుల యంగరక్షకదళ ముండెడిది. అది పిమ్మట నిజాము కొలువు చేరినది, హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేట వారి పేరనే వెలసినది. 1948లో నిజాము రాజ్యము భారతదేశమున గలిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. నాటి కత్తియో, డాలో, యినుపటోపియో నేటికిని ఏ యింటి యటకమీదనో కానవచ్చుట వింత గాదు.

మూడేండ్ల క్రిందట మా బంధువుల యింట నట్టి టోపి యొకటి బయటపడినది. గిన్నెవంటి యినుప తలకట్టు. నుదుట ముక్కునకు కాపుగా దిగు కమ్మి. తురాయి నిలుపు రెండు గొట్టములు. మెడపై వ్రేలాడు నినుపవలయముల జాలరు. అంచున సన్నని బంగారు తీగపని. ఒక గొట్టము చీలలూడి వ్రేలాడుచుండెను. జాలరునందు కొన్ని వలయములు లేవు.

అప్పుడు నేను చేసిన తప్పు మీకు చెప్పక తప్పదు. దేవతార్చన పాత్రలకువలె దానికిని చింతపండు పులిమి తోమితిని. పులుపు త్రుప్పుతోబాటు తీగ క్రింది యినుమును గూడ తినివేసెను. ఉక్కుపై గీతలు గీచి యందు బంగారు తీగ నదుముటయే కోఫ్తుగారీ పని. పట్టుగొమ్మయైన యినుమే కరగిన తీగ నిలుచు టెట్లు? జానెడు లత నా వ్రేళ్ల క్రిందనే రాలిపోయినది. ఆ నష్టమునకు నేటికిని మందు లేదు.

అంతలో నింటి కుఱ్ఱ డొకడు అంగడినుండి మెఱుగు మరచీలలు తెచ్చెను. వాని తలపై కూడికగుర్తువంటి గాడి. అట్టి చీలకు హెన్రీ ఫిలిప్స్ అమెరికాలో పేటెంటు పొందినది 1936లో. త్రుప్పు పట్టని ఉక్కు షెఫీల్డు నగరమున వెలువడినది 1913లో. వానిని బిగించినచో తాతగారి తలపై మనుమని టోపి పెట్టినట్లే యగును. అంతేగాక చీల పట్టుటకై రంధ్రమును పెద్దది చేసినచో, ఆ గాయము మరల మానదు.

మఱి తగిన చీల యెక్కడ దొరకును? మొదట వస్తు వున్న పెట్టెలోనే వెదకవలెను. ఊడినవి దూరము పోవు. నేను పెట్టె యడుగున నున్న ధూళిని పిండిజల్లెడతో జల్లించి, అయస్కాంతము త్రిప్పగా, నాలుగు వలయములును ఒక చీలయు దొరకినవి! ఆ ధూళిని ముందే చీపురుతో నూడ్చి పాఱవేసియుండిన నేమి గతి?

రెండవది పాత కలప. శ్రీశైలము జలాశయమున కృష్ణాతీర గ్రామములు మునిగినపుడు జనులు ద్వారబంధములను తలుపులను పెఱికి తెచ్చుకొనిరి. పాత యినుపసామాను దుకాణములలో నట్టి తలుపుల మేకులు నేటికిని కానవచ్చును. కమ్మరి చేత సాగగొట్టిన మేకు నలుపలకలుగా నుండి, తల సమముగా నుండదు. యంత్రపు మేకు గుండ్రముగా నొకే తీరున నుండును. కత్తికి గట్టి యుక్కు వలయును. మన కోనసముద్రపు ఉక్కు పారసీకము దాక పోయిన దందుకే. కాని తలగొట్టి బిగించు చీలకు మెత్తని యినుమే తగును. మాకు తక్కువైన చీలను మా యూరి కమ్మరి యట్టి మేకునుండియే చేసి యిచ్చెను.

వలయముల విషయమున మఱియు జాగ్రత్త వలయును. కొన్ని జాలరులందు ప్రతి వలయపు కొనలును చిన్న చీలతో బిగింపబడి యుండును. కొన్నింట కొనలు ఊరక తాకియుండును. పోలిక తెలియగోరువారు హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలయందలి ఆయుధములను చూడవచ్చును. అయితే, యొక ప్రాతవస్తువును బాగుచేయుటకై మఱియొక ప్రాతవస్తువును విఱుగగొట్టరాదు. ఒక బిడ్డకు పాలకై వేఱొక బిడ్డ గిన్నె లాగుకొన్నట్లగును. వలయము దొరకనిచో ఆ చోటు ఖాళీగానే యుండనిండు. మేమును అట్లే విడిచితిమి.

ఇంట చేయదగిన దింతే: పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా పూసి, తేమ లేనిచోట నుంచుట. వంటనూనె వలదు, అది జిగురుగా మాఱి ధూళిని పట్టును. క్రొత్తగా చేర్చిన చీల యేది, యెక్కడిది, యెన్నడు చేర్చితిమి అను నంశములు చీటిపై వ్రాసి పెట్టెలో నుంచవలెను. నూఱేండ్లు దాటిన యిట్టి వస్తువులను 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము ప్రైవేటువారు విదేశములకు పంపరా దనియు గుర్తుంచుకొనుడు.

మా పెట్టెలోని చీటిపై మొదటి పంక్తి నా చింతపండు తప్పిదమే. పిదపవారు దానిని చదివి నన్ను నిందించినను సరే, ఆ లత యెట్లు పోయెనో వారికి తెలియవలెను గదా.