గోదావరీ వనసీమలో నెచ్చెలుల శోకము

మన సాహిత్యమున స్త్రీశోకమునకుఁ బెద్దపీట వేసినది భారతమునందలి స్త్రీపర్వము. యుద్ధము ముగిసినది, హతులు కన్నులయెదుటఁ బడియున్నారు, గాంధారి యొక్కొక్కనిఁ బేర్కొని విలపించును, కోడండ్రు చుట్టును గూడి గొంతు కలుపుదురు. దుఃఖించుటకు దేహము కలదు, పేరు కలదు, ఎలుగెత్తుటకుఁ జోటు కలదు. తిక్కన తెనుఁగున దీనిని జదివినవారికి రణశోకమనఁగా నిట్లే యుండునని తోఁచుట సహజము. ఇరువదవ శతాబ్దపు నడుమ ఖమ్మము భద్రాచలముల మధ్యనున్న యడవులలో నివి యేవియు లేని శోక మొకటి సాగెను. దానిని మోసినవారిలో ఇరువదేండ్లు నిండని పడుచులు నుండిరి.

నాఁడు ఖమ్మము నిజాము రాజ్యమునందలి వరంగల్లు జిల్లాలోనిది. భద్రాచలము చెన్నరాజధానిలోని తూర్పుగోదావరి జిల్లాలోనిది. ఖమ్మము 1953లో వేఱు జిల్లా యయ్యెను; భద్రాచలము 1959లో దానిలోఁ జేరెను. 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ సాయుధపోరాటము తొలుత మైదానపుటూళ్లలోనిదే. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన సైనికచర్య నిజాము పాలనను ముగించెను గాని యీ పోరును ముగింపలేదు. సైన్యము పల్లెలను వెదకఁజొచ్చినపిమ్మట దళములు గోదావరి యడవులకుఁ దరలి, 1951 అక్టోబరులో విరమణము జరుగు వఱకు నందే మసలినవి.

ఇట్టి పోరున రణరంగ మిది, ఇల్లిది యని గీత గీయుట సాధ్యము కాదు. అన్నము వండి పొదలకుఁ జేర్చుట, జాబు దాఁచి పొరుగూరికిఁ గొనిపోవుట, గాయమునకుఁ గట్టు కట్టుట స్త్రీల పనులయ్యెను. కొందఱు తుపాకియుఁ బట్టిరి. దళములకు ఆశ్రయము దొరకకుండుటకై కోయగూడెములను తగులఁబెట్టి జనులను శిబిరములకుఁ దోలిరని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాటచరిత్రలో (1972) వ్రాసియున్నాఁడు. కావున ఇంట నుండినవారికిఁ గూడ ఇల్లు మిగులలేదు.

దళమునఁ జేరిన స్త్రీకి మొదటి మార్పు పేరు. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యము అడవిలో 'రాజక్క' యయ్యెను. పట్టువడినవారు తామెఱుఁగని దానిని జెప్పలేరు గదా! మాఱుపేరు ప్రాణరక్ష. కాని యదే నియమము వలన, ఒక్కచోట వండుకొని తిని, ఒకరికొకరు కావలియుండి నిదురించిన చెలికత్తెల నడుమఁ గూడ అసలుపేరు, పుట్టినయూరు మఱుఁగుపడుటకు వీలు కలిగెను. నెచ్చెలి కూలినచో ఆమె తల్లికి వార్త యెట్లు చేరవలెను? ఏ పేరునఁ బిలిచి యేడ్వవలెను? అదియునుగాక, లోకాచారమున మైల జ్ఞాతులదే. నెచ్చెలికి మైల లేదు, కర్మలేదు. ప్రబంధములలోని సఖి నాయికకు విరహతాపము తీర్చుటకు, రాయబారము నడపుటకుఁ బుట్టినది. సఖి చనిపోయిన నాయిక యేమి చేయునో మన కవులు పట్టించుకొనలేదు. అడవిలో 'సఖి' యను మాట లేదు. 'అక్క' యను పిలుపు కలదు. బంధుత్వము లేనిచోట బంధుత్వమును గల్పించిన పిలుపది. శోకించు హక్కు నిచ్చినది గూడ నదియే కావచ్చును.

ఇఁక గొంతు. నిశ్శబ్దమైన యడవిలో ఏడుపు శత్రువునకు జాడ తెలుపును. హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' పోరాటమునఁ బాల్గొన్న స్త్రీల నోటిమాటల సంపుటము. అందొక తల్లి, పసిబిడ్డ యేడుపు దళమునకుఁ బ్రమాదమని బిడ్డను పరులకిచ్చివేయవలసివచ్చిన వైనమును జెప్పినది. బిడ్డకే యేడ్చు స్వేచ్ఛ లేనిచోట తల్లికెక్కడిది? నాఁడు బిగపట్టిన దుఃఖము మూఁడు దశాబ్దములు గడచినపిమ్మట మాటగా వెలువడినది. చరిత్రకారు లా సంపుటమును సాక్ష్యముగాఁ జదివిరి; సాహిత్యపరులు దానిని కరుణరసగ్రంథముగాఁ జదువుట కలదు గాని చాలదు.

ఆ దినములలో ఎలుగెత్తుటకు మిగిలిన దారి పాట. స్వరాజ్యము ఉయ్యాలపాటలతో ఊళ్లను కదలించుట ప్రసిద్ధము. ఉయ్యాలపాటలో ఒకతె చరణ మందుకొనఁగా తక్కినవారు 'ఉయ్యాలో' యని పలుకుదురు. అత్తింట మగ్గిన కోడండ్రు, కడతేఱిన యాఁడుబిడ్డలు అందు వస్తువగుట ప్రాఁతదే. కావున చనిపోయిన వీరుల కథకు దానిలోఁ జోటు వెదకనక్కఱ లేకపోయెను. ఒక్కతె దుఃఖము పలుకుటతోనే పదిమంది దగును. స్త్రీపర్వమునఁ గోడండ్రు గాంధారికిఁ జేసిన సాయమే యిచ్చట పల్లవి చేసెను.

దేహము దొరకని శోకమునకు మాత్ర మీ సీమలో వెనుకటి మేలుబంతి యొకటి కలదు. కాకతీయసేనలతోఁ బోరిన సమ్మక్క, మేడారము కథ ప్రకారము, గుట్టవైపు నడచి యదృశ్యయయ్యెను. వెదకఁబోయినవారికిఁ గుంకుమభరిణ మాత్రము దొరకెను. ఆ భరిణయే నేఁటికిని రెండేండ్ల కొకమాఱు మాఘపూర్ణిమకు గద్దె కెక్కుచున్నది. కళేబరము లేకున్నను ఒక వస్తువును నిలిపి, దానిచుట్టు జనము కూడి తలఁచుకొనుట కోయలకుఁ గ్రొత్త గాదు.

విరమణానంతరము దళములు చెదరెను. ఆ యేండ్లను మహాద్భుతకాలముగాఁ దలఁచు స్త్రీలే, పిదప వంటయింటికి మరలవలసివచ్చిన బాధను ఆ సంపుటమునఁ బలుమాఱు వెల్లడించిరి. చెలిమి చెదరుట కూడ వారి కొక మరణమువంటిదే. 2019లో తన కథను గ్రంథముగాఁ జెప్పిన స్వరాజ్యము 2022 మార్చి 19న గతించెను. అచ్చుపడిన సాక్ష్యములలో తెలుఁగు మాటలాడు స్త్రీల గొంతే హెచ్చు. గూడెములు కాలినపుడు శిబిరములకుఁ బోయిన కోయపడుచులు తమలోఁ దాము ఏమని చెప్పుకొనిరో, ఎవరిఁ దలఁచి పాడిరో వినుటకు కోయభాష నెఱిఁగినవారు పోవలసియున్నది. నాఁటి పదునైదేండ్ల బాలిక బ్రదికియున్నచో నేఁడు తొంబదేండ్లు దాఁటిన ముదుసలి.