కావేరీ తీరమున మా దసరా యాత్ర

యాత్రకు పోయి వచ్చినవారిని పలుకరించినచో పెక్కురు ముందుగా తాము చూచిన క్షేత్రముల సంఖ్యను చెప్పుదురు. నాలుగు దినములలో ఇరువది గుళ్లు చూచితిమని సంతసించువారును కలరు. మేమును తొలుత మధుర, రామేశ్వరము, కన్యాకుమారి, శ్రీరంగము అని పెద్ద పట్టికయే వ్రాసికొంటిమి. కాని మావారి పాఠశాలకు దసరా సెలవులు కొలదిదినములే. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కావున ఆ పట్టికను చింపివేసి, తంజావూరును, దాని చుట్టునున్న కావేరీ ప్రదేశమును మాత్రమే నెమ్మదిగా చూడ నిశ్చయించితిమి. అందువలన నష్టము కలుగలేదు సరికదా, మా యింటికొక మేలు కలిగినది.

ప్రయాణమునకు ముందు మా యింట నొక చిన్న తగవు నడచుచుండెను. పండ్రెండేండ్ల మా అమ్మాయి సంగీతము నేర్చుకొందునని పట్టుపట్టినది. అత్తగారు "పూజవేళ ఇంటిలో పాడుకొన్న చాలును. ఆడుపిల్లకు నలుగురిలో పాట యేల?" అని వారించిరి. ఆమె మాటను త్రోసివేయుటకు మాకు మనసు రాలేదు. చిత్రమేమనగా, ఆమెయే బాల్యమున పుట్టినింట త్యాగరాజ కీర్తనలు నేర్చినవారు. అత్తవారింట అడుగిడిన పిమ్మట వంటయింట పని చేసికొనుచు కూనిరాగము తీయుటే కాని, గొంతెత్తి పాడగా మేమెన్నడును వినలేదు.

రాజమహేంద్రవరమున రైలెక్కి, చెన్నపట్టణమున బండి మారి తంజావూరు చేరితిమి. బృహదీశ్వరాలయమును రాజరాజచోళుడు క్రీ. శ. 1010వ సంవత్సరమున పూర్తిచేసెను. విమానము ఎత్తు రమారమి 216 అడుగులు. చుట్టును వరిచేలే కాని కొండయన్నది కానరాని ఆ మాగాణి నేలపై కొండరాతితో అంత కట్టడమును నిలిపిన శిల్పుల శ్రమను తలచిన ఒడలు పులకరించును. ఆ శిఖరపు నీడ నేలపై పడదని యొక ప్రతీతి కలదు. ఎండ వాలిన వేళ మేము ప్రాకారములో నిలిచియుండగా నీడ చక్కగా పరచుకొనియే యుండెను. మా అమ్మాయి ఆ నీడలో కూర్చుండి, "మామ్మా, పడని నీడలో ఎంత చల్లగా నున్నదో రమ్ము" అని పిలువగా అందరము నవ్వుకొంటిమి. గుడి గొప్పతనమునకు అట్టి కథల యవసరము లేదు.

మమ్ము మిక్కిలి ఆకర్షించినవి గోడల అడుగుభాగమున చెక్కిన శాసనములు. అవి అరవమున నున్నవి. పండితులు వానిని చదివి అచ్చువేయించియుండుటచే మావారు ముందుగానే చదివివచ్చి మాకు వివరించిరి. తానిచ్చినవియు, తన అక్క యిచ్చినవియు, తన రాణులిచ్చినవియు, ఇతరులిచ్చినవియు రాతిపై చెక్కుడని రాజు ఆజ్ఞాపించెనట! తన పేరు వెంటనే అక్కగారిని నిలిపినాడు. ఆమె కుందవై దేవి. తల్లిదండ్రుల విగ్రహములను సైతము చేయించి యా గుడిలో ప్రతిష్ఠింపజేసిన యాడుబిడ్డ.

అంతకంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి. స్వామి కొలువునకై నియమించిన నాలుగువందల నాట్యకత్తెల పేర్లు, వారు ఏ యూరినుండి వచ్చినదియు, ఏ వీథిలో ఏ వరుసలో ఇల్లు ఇచ్చినదియు, ఏటికి ఒక్కొక్కరికి నూరు కలముల ధాన్యమని జీతముతో సహా ఆ రాళ్లపై నున్నవి. అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిదప, "పాడి యాడిన వారి పేర్లా రాజుగారు గుడిమీద వ్రాయించినవి?" అని మాత్రమడిగిరి. మావారు ఔననిరి. ఆమె ఆ రాతిని ముట్టి చేయి కన్నుల కద్దుకొనిరి.

ఈ నగరమున తెలుగువారికిని గొప్ప హక్కు కలదు. చోళుల పిమ్మట ఇచట నేలిన నాయకరాజులు తెలుగువారు. రఘునాథ నాయకుని కొలువున రామభద్రాంబ సంస్కృత కావ్యము రచించినది; విజయరాఘవుని కొలువున రంగాజమ్మ తెలుగున కవిత చెప్పినది. గర్భగృహము చుట్టునున్న ఇరుకు ప్రదక్షిణ మార్గములో నాయకరాజులు వేయించిన చిత్రముల క్రింద చోళులనాటి చిత్రములు దాగియున్నట్లు 1931లో బయటపడినది. ఒకరి పనిపై నొకరు రంగు పూసినను, క్రిందిది చెడక నిలిచినది.

మరునాడు కల్లణ చూడబోయితిమి. తంజావూరికి పడమరగా నున్న ఈ రాతి ఆనకట్టను ఇంచుమించు రెండువేల యేండ్ల క్రిందట కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధి. శ్రీరంగము లంక చివర కావేరియు కొల్లడమును మరల దగ్గరకు వచ్చును. కొల్లడపు నేల పల్లము. కావేరి అందులోనికి జారిపోక తంజావూరి పొలములకు మరలుటకే యీ కట్ట. ఇసుకపై రాళ్లు వేయగా అవి దిగబడును, మరల వేయుదురు, దిగబడి దిగబడి తుద కవియే పునాది యగును. ఈ సీమలో పనిచేసిన కాటన్ దొర ఇచట గ్రహించిన యుపాయముననే మన గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించెను. ఆ పాతకట్ట స్థానమున నేడు బరాజు వెలసినది. మా గోదావరి సీమవారము తినుచున్న అన్నములో కావేరి నేర్పిన పాఠమొకటి యున్నదని తెలిసి ఆ నీటికి నమస్కరించితిమి. ఆడిమాసము పదునెనిమిదవనాడు అరవ స్త్రీలు కావేరిని కడుపుతో నున్న ఆడపడుచుగా భావించి చిత్రాన్నములు నివేదించి పసుపుత్రాళ్లు కట్టుకొందురట. నదిని బిడ్డగా తలచుట యెంత చక్కని యాచారము!

మూడవనాడు తిరువయ్యారు. తంజావూరి నుండి ఎనిమిది మైళ్లు. వరుసగా వచ్చు వంతెనలను లెక్కించుచు మా అమ్మాయి పంచనదక్షేత్రమన్న పేరును తానే సార్థకపరచుకొన్నది. పంచనదీశ్వరుని దర్శించి, కావేరీ తీరమున త్యాగరాజస్వామి సమాధికి పోయితిమి. స్వామి సిద్ధిపొందినది 1847లో. ధవళేశ్వరపు పని మొదలైన యేడే.

ఆ సమాధి శిథిలమై యుండగా తన సొమ్ము వెచ్చించి ఆలయము కట్టించి 1925లో ప్రతిష్ఠ చేయించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె దేవదాసీ కులమున 1878లో జన్మించినది. తంజావూరి కొలువులోని ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో అచ్చువేయించి, దానికై నిషేధమును, నిందలను భరించినదియు ఈమెయే. తాను కట్టించిన ఆలయముకడ ఆరాధనలో స్త్రీలు పాడుటకు వీలులేదనగా, 1927లో స్త్రీలచేతనే వేరుగ ఆరాధన నడిపించినది. 1941 నాటికి పక్షములన్నియు కలిసినవి. స్త్రీల గానమును అందరంగీకరించిరి. 1952లో ఆమె మరణించగా స్వామి కెదురుగనే ఆమెకును సమాధి కట్టిరి. చేతులు జోడించిన ఆమె ప్రతిమ నేటికిని స్వామినే చూచుచున్నది.

ఈ కథ విని అత్తగారు ఆ ప్రతిమ యెదుట కూర్చుండిరి. కొంతసేపటికి స్వామివైపు తిరిగి, మొదట మెల్లగా, పిమ్మట స్పష్టముగా, ఒక కీర్తన పూర్తిగా పాడిరి. రెండవ చరణమున స్వరము తడబడినది. ఆగి, మరల నెత్తుకొనిరి. అచటనున్న అరవ గృహిణులిద్దరు తాళము వేసి తోడు పాడిరి. వారికి తెలుగు మాటాడ రాదు. కీర్తన మాత్రము తప్పులేకుండ వచ్చును. మా అమ్మాయి తన మామ్మను క్రొత్తగా చూచుచున్నట్లు చూచినది. మావారు నది వైపు తిరిగి నిలిచిరి.

తిరుగు రైలులో అత్తగారు, "అమ్మాయీ, విజయదశమి కింటికి చేరుదుము గదా! ఆ దినమున పిల్లకు పాఠము మొదలుపెట్టింపుము. గురువు దొరకువరకు సరళీస్వరములు నేను చెప్పెదను" అనిరి. చెప్పినట్లే చేయుచున్నారు.

వెళ్లదలచిన సోదరీమణులకు రెండు మాటలు. మధ్యాహ్నము గర్భాలయములు మూసియుంచెదరు. ఆ వేళ రాతినేల కాళ్లు కాల్చును. కావున ప్రాతఃకాలముననో సాయంకాలముననో పొండు. పెద్దలకు కూర్చుండుటకు తగిన వ్యవధి నిండు. గుళ్ల సంఖ్య తగ్గినను కొరత లేదు. ఒక్క గోడపై నున్న పేర్లనైన అడిగి తెలిసికొనుడు. వానిలో మన వంటివారి పేర్లును ఉండవచ్చును.