వలస: మగ్గం నుంచి గల్ఫ్ దాకా

సోలాపూర్ పద్మశాలీల ఇళ్లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. వీరి పూర్వీకులు చాలామంది నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవారు. సోలాపూర్ అప్పట్లో బ్రిటిష్ వారి బొంబాయి ప్రెసిడెన్సీలోనిది. ఏలిక మారినా దారిలో వీసా అడిగినవారు లేరు. మగవారు మగ్గం పట్టారు, స్త్రీలు బీడీలు చుట్టారు. కుటుంబమంతా ఒకచోట ఉండడంతో వలస స్థిరనివాసమైంది.

అదే తెలంగాణ నుంచి గల్ఫ్ వెళ్లిన కూలీ స్థితి వేరు. అతని వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. జీతం అందక పని విడిచి బయటపడితే వాడుకలో అతడు ‘ఖల్లివల్లి’. ఫిర్యాదు చేయాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా పట్టుబడతానన్న భయమే. 2018లో యు.ఎ.ఇ. వంటి దేశాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇటువంటివారికి జరిమానా లేకుండా ఇల్లు చేరే వీలు కలిగింది.

కనుక ‘అక్రమ వలస’ అన్న మాట చెప్పేది కాగితం సంగతి. మనిషి సంగతి కాదు. సోలాపూర్ తాతలను నడిపించినదీ ఆ బతుకుతెరువే.