డొక్కు కారు – గట్టి సీటు

ఫ్రాన్సు దేశంలో ల మాన్ అనే పట్టణం ఉంది. అక్కడ 1923లో ఒక కార్ల పందెం మొదలైంది. 24 గంటల్లో ఏ కారు అందరికన్నా ఎక్కువ దూరం పోతే అదే గెలిచినట్టు. నేటికీ ప్రపంచంలోకెల్లా పేరున్న ఓర్పు పందెం అదే. కోట్ల ఖరీదు చేసే కార్లు అందులో పరుగెత్తుతాయి.

దీన్ని చూసి అమెరికాలో కొందరు సరదాగా ఇంకొక పందెం పెట్టారు. 2006లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ పందెం పేరు '24 అవర్స్ ఆఫ్ లెమన్స్'. ల మాన్, లెమన్స్ – పలకడానికి దగ్గరగా ఉన్నాయి కదా! లెమన్ అంటే నిమ్మకాయ అని మీకు తెలుసు. అమెరికావారి వాడుకలో మాటిమాటికీ మొరాయించే డొక్కు కారును కూడా లెమన్ అనే అంటారు.

ఈ పందెంలో ప్రసిద్ధమైన నియమం ఒకటుంది. కారు వెల 500 డాలర్లకు మించకూడదు. ఎవరో వదిలించుకున్న పాత కారును కొని, నలుగురైదుగురు స్నేహితులు కలిసి బాగు చేసుకుని, వంతులవారీగా గంటల తరబడి నడుపుతారు. అయితే ఆ నియమానికి ఒక మినహాయింపు ఉంది. బ్రేకులు, చక్రాలు, టైర్లు, డ్రైవరు ప్రాణాన్ని కాపాడే పరికరాలు 500 డాలర్ల లెక్కలోకి రావు. సీటు కూడా ఆ ప్రాణరక్షణ పరికరాలలో ఒకటి.

పందెం కారుకు పనికివచ్చే మామూలు సీటు కొన్ని వందల డాలర్లు ఉంటుంది. అంటే కారు వెలంత సీటు వెల! కూర్చోవడానికి ఉపయోగపడే ఒక వస్తువుకు అంత ఖర్చు ఎందుకు? ఉన్న డబ్బులో మంచి సీటును ఎలా ఎన్నుకోవాలి? మీకు తెలిసిన భౌతికశాస్త్రంతోనే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవచ్చు.

సీటు చేసే పని

బస్సు వేగంగా మలుపు తిరుగుతున్నప్పుడు మీరేం చేస్తారు? చటుక్కున ముందు సీటు కడ్డీ పట్టుకుంటారు. బస్సు తిరిగినా మీ శరీరం జడత్వం వల్ల తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్ని బస్సుతోపాటు తిప్పడానికి ఒక బలం కావాలి. ఆ బలాన్ని మీరు కడ్డీ ద్వారా పొందుతున్నారు.

పందెం కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరుగుతోందనుకుందాం. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం వస్తుంది. 400ను 50తో భాగిస్తే 8. గురుత్వ త్వరణం సుమారు 10 కాబట్టి ఇది అందులో 0.8 వంతు. 70 కిలోల డ్రైవరును 56 కిలోల బరువుతో ఎవరో పక్కకు నెడుతున్నట్టుంటుంది.

డ్రైవరు పట్టుకోవడానికి కడ్డీ లేదు. సీటు పక్కల నుంచి గట్టిగా పట్టుకోకపోతే అతడు స్టీరింగునే పట్టుకుని వేలాడాలి. స్టీరింగు ఉన్నది కారును తిప్పడానికి, డ్రైవరు వేలాడడానికి కాదు. ఒకటి రెండు గంటలపాటు ప్రతి మలుపులోనూ అలా పెనుగులాడితే చేతులు, మెడ అలసిపోతాయి. అలసిన డ్రైవరు పొరపాటు చేస్తాడు. కాబట్టి మంచి సీటు ప్రమాదం జరిగినప్పుడే కాదు, ప్రమాదం జరగకుండా కూడా కాపాడుతుంది.

ఒక్క మీటరులో ఆగితే?

ఇప్పుడు ప్రమాదం సంగతి చూద్దాం. కారు ఎదురుగా దేన్నైనా ఢీకొంటే డ్రైవరును ఆపేవి ముఖ్యంగా బెల్టులు. పక్క నుంచి దెబ్బ తగిలితే సీటు పక్కలు ఆపాలి. వెనక నుంచి తగిలితే భారమంతా సీటు వెన్నుమీదే పడుతుంది. పందెంలో ఈ మూడో రకం అరుదేమీ కాదు. మలుపులో జారిన కారు గిర్రున తిరిగి, వెనక భాగంతో గోడను గుద్దుకోవచ్చు.

అలా సెకనుకు 20 మీటర్ల వేగంతో గుద్దుకున్న కారు, నలుగుతూ నలుగుతూ ఒక మీటరు దూరంలో ఆగిందనుకోండి. వేగం వర్గాన్ని, ఆగిన దూరానికి రెట్టింపుతో భాగించాలి. 400ను 2తో భాగిస్తే 200. అంటే గురుత్వ త్వరణానికి 20 రెట్లు! దీన్నే ఇంజనీర్లు 20 జి అంటారు. ఆ క్షణంలో 70 కిలోల డ్రైవరు సీటు వెన్నును 1,400 కిలోల బరువుతో వెనక్కి నొక్కుతాడు. ఒక కారునే తెచ్చి సీటుకు ఆనించినట్టన్నమాట.

ఇంత బలాన్ని మనిషి తట్టుకోగలడా? సరిగా బిగించి కూర్చోబెడితే తట్టుకోగలడని నిరూపించినవాడు అమెరికా వైమానిక దళపు వైద్యుడు జాన్ స్టాప్. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలో ఆయన రాకెట్లు బిగించిన బండి మీద కూర్చుని గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఒకటిన్నర సెకను లోపే బండి ఆగిపోయింది. ఆయన శరీరం మీద 46 జి దాకా పడింది. కళ్లలో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది. కాని ఆయన కోలుకుని 89 ఏళ్లు జీవించాడు. ఆయన ప్రయోగాల వల్ల తెలిసిందేమిటంటే, శరీరం అటూ ఇటూ ఊగకుండా ఆసనాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. ఆసనం బండిని అంటిపెట్టుకుని ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మనిషికి ముప్పే.

కారుతో వచ్చిన సీటు చాలదా?

రోడ్డు మీద తిరిగే కారులో దాని సీటు మంచిదే. కాని అది మూడు చోట్ల పట్టుకునే మామూలు బెల్టును దృష్టిలో పెట్టుకుని చేసింది. పందెం కారులో ఐదు లేక ఆరు బెల్టులుంటాయి. రెండు భుజాల మీదుగా, రెండు నడుముకు, మిగిలినవి తొడల మధ్య నుంచి వస్తాయి. తొడల మధ్య బెల్టు లేకపోతే ఢీకొన్నప్పుడు శరీరం నడుము బెల్టు కిందుగా ముందుకు జారిపోతుంది. అప్పుడా బెల్టు మెత్తని పొట్టమీదికెక్కి లోపలి అవయవాలను నలిపేస్తుంది. ఈ బెల్టులన్నీ సరైన చోటుకు రావాలంటే సీటుకు సరైన చోట రంధ్రాలుండాలి. మామూలు సీటుకు అవి ఉండవు.

రెండో లోపం, వెనక్కి వాలే వెన్ను. వాలడానికి వీలుగా అడుగున మడతబందు లాంటి ఏర్పాటుంటుంది. వెనక నుంచి పెద్ద దెబ్బ తగిలితే అది విరిగి వెన్ను పడిపోవచ్చు. భుజాల మీది బెల్టులు వదులైపోయి డ్రైవరు వాటి కింద నుంచి వెనక్కి జారిపోతాడు. అందుకే పందెం సీటు వాలదు. వెన్ను, అడుగు, పక్కలు అన్నీ ఒకే ముక్కగా ఉంటాయి.

అల్యూమినియమా? ఫైబర్‌గ్లాసా?

తక్కువ ధరలో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది అల్యూమినియం రేకును వంచి, అతికి చేసిన సీటు. దీని వెల తక్కువ. దెబ్బ తింటే వంగిందో పగిలిందో తరచు కంటికి కనబడుతుంది. కాని వెన్ను కింది భాగంలో లోహం మడతపడే ప్రమాదముంది. అందుకని వెన్ను వెనక ఒక ఆసరా పెట్టి, కారులోని ఉక్కు గొట్టాల పంజరానికి బిగిస్తారు. ఆసరా లేని అల్యూమినియం సీటును నమ్మరాదు.

రెండోది ఫైబర్‌గ్లాసు సీటు. సన్నని గాజు పోగుల నేతను రెజిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరిచి గట్టిపరుస్తారు. అంతర్జాతీయ మోటారు పందేల సంస్థ ఎఫ్.ఐ.ఏ. ఇలాంటి సీట్లకు ప్రమాణాలు నిర్ణయించింది. సీటులో బొమ్మను కూర్చోబెట్టి, బండిమీద పరుగెత్తించి, దెబ్బ తగిలినట్టు ఆపి పరీక్షిస్తారు. నెగ్గిన సీటుకు వెనక చీటీ అతికిస్తారు. ఇలాంటి సీటు దెబ్బ తగిలినప్పుడు కొద్దిగా వంగి శక్తిని పీల్చుకుంటుంది. కాబట్టి తయారుచేసినవారు చెప్పనిదే దీని వెనక ఆసరా పెట్టకూడదు. ఆ ఆసరాయే వెన్నును పొడుచుకుని రావచ్చు. చూశారా! ఒక సీటుకు తప్పనిసరి అయినది ఇంకొక సీటుకు ప్రమాదకరం.

కార్బన్ పోగులతో చేసిన సీట్లు మరింత తేలిక, మరింత గట్టి. వాటి వెల వేల డాలర్లలో ఉంటుంది. డొక్కు కారువారికి వాటి అవసరం లేదు.

చవగ్గా వచ్చిన పాత సీటు

పెద్ద పందేలవారు తీసేసిన పాత ఫైబర్‌గ్లాసు సీట్లు చాలా చవగ్గా వస్తాయి. కొనేముందు చీటీ చదవాలి. '8855-1999' అనే ప్రమాణం సీటుకు తయారైన తేదీ నుంచి 5 ఏళ్లే ఆయుష్షు ఇస్తుంది. తయారీదారు ఒప్పుకుని మరో చీటీ అతికిస్తే ఇంకో 2 ఏళ్లు. ఇంకా కట్టుదిట్టమైన '8862-2009' ప్రమాణం సీటుకు 10 ఏళ్లు.

తేదీ దాటిన మరునాడే సీటు విరిగిపోతుందా? విరగదు. కాని ఎండకు, వేడికి, ఏళ్ల తరబడి అదురుకు రెజిన్ పాతబడుతుంది. దెబ్బ తిన్న సీటులో పొరలు లోలోపలే విడిపోతాయి. పైన గుడ్డ కప్పి ఉంటుంది కాబట్టి ఏమీ కనబడదు. బీటవారిన కుండను వేలితో తట్టి పట్టుకోవచ్చు, కాని ఈ సీటు అలా గుట్టు చెప్పదు. ఒకసారి పెద్ద ప్రమాదం చూసిన సీటును చవక అని కొనడం దండగ.

నలుగురు డ్రైవర్లు, ఒక్క సీటు

ఒకే కారును నలుగురు నడుపుతారు. ఒకరు బొద్దుగా ఉంటారు, ఒకరు సన్నగా ఉంటారు. మరి ఎవరి కొలతకు కొనాలి? అందరికన్నా లావుగా ఉన్నవారి నడుముకు, అందరికన్నా పొడవైనవారి భుజాలకు సరిపడేట్టు కొనాలి. భుజాల బెల్టులు సీటు రంధ్రాల గుండా దాదాపు అడ్డంగా వెనక్కి పోవాలి. రంధ్రాలు మరీ కిందుగా ఉంటే బెల్టు భుజాన్ని కిందికి నొక్కి వెన్నెముకకు చేటు చేస్తుంది.

సన్నని డ్రైవరుకు పక్కల ఖాళీని నింపే దిండ్లు కావాలి. వాటిలో మెత్తని స్పాంజి పెట్టరాదు. దెబ్బ తగలగానే స్పాంజి అణగిపోతుంది. ఆ కొద్ది దూరంలో శరీరం సీటును విడిచి వేగం పుంజుకుని, ఆ తరువాత గట్టి భాగాన్ని కొట్టుకుంటుంది. నెమ్మదిగా అణగుతూ శక్తిని పీల్చుకునే గట్టి నురగ దిండ్లే వాడాలి.

అడుగున ఉన్న రేకు

ఎంత మంచి సీటయినా దాన్ని బిగించేది కారు అడుగు రేకుకే. వెన్ను వెనక్కి తోయబడితే సీటు గడ్డపారలా పనిచేస్తుంది. వెనక బోల్టుల దగ్గర ఆనుకుని, ముందు బోల్టులను పైకి పెకలిస్తుంది. బోల్టు తెగదు, దాని చుట్టూ ఉన్న పల్చని రేకే చిరుగుతుంది.

8 మిల్లీమీటర్ల బోల్టుకు వేసే మామూలు వాషరు వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటరు. ఎఫ్.ఐ.ఏ. నియమం ప్రకారం ఒక్కొక్క బోల్టు కింద కనీసం 40 చదరపు సెంటీమీటర్లు ఆనే పలక ఉండాలి. ఉక్కుదైతే దాని మందం కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. వైశాల్యం సుమారు 27 రెట్లు పెరిగింది కాబట్టి రేకు మీద పీడనం అన్ని రెట్లూ తగ్గింది. బురదలో పలక వేసుకుని నడిస్తే కాలు దిగబడదు కదా! ఇదీ అంతే. ఈ పలకలకయ్యే ఖర్చు చాలా తక్కువ. అవి లేకపోతే మాత్రం ఎంత ఖరీదైన సీటయినా వృథా.

చేసి చూడండి: ఒక వార్తాపత్రిక కాగితాన్ని డబ్బా మూతిమీద బిగించి కట్టండి. నడుమ చిన్న రంధ్రం చేసి దారం దూర్చి, పైన చిన్న ముడి వేయండి. దారాన్ని లోపల నుంచి మెల్లగా లాగండి. ముడి కాగితాన్ని చీల్చుకుని వస్తుంది. (డబ్బా అడుగున దారం రావడానికి రంధ్రం ఉండాలి.) మరో కాగితంతో ఇలాగే చేసి, ఈసారి ముడి కింద రూపాయి బిళ్లంత అట్టముక్క పెట్టండి. ఎంత గట్టిగా లాగాల్సి వచ్చిందో గమనించండి.

పిండి కొద్దీ రొట్టె అంటారు. డొక్కు కారువారు ఇంజను విషయంలో, రంగు విషయంలో, వేగం విషయంలో ఆ సామెతను హాయిగా పాటించవచ్చు. నెమ్మదిగా పోయే కారు పందెం ఓడుతుంది, అంతే. సీటు విషయంలో మాత్రం ఆ సామెత పనికిరాదు. అలాగని వేలు పోయనక్కర్లేదు. ఒకే ముక్కగా ఉండాలి, చీటీమీద తేదీ మించకూడదు, శరీరానికి సరిపోవాలి, అడుగున పలకలుండాలి. ఈ నాలుగూ ఉన్న సాదా సీటు, ఇవి లేని ఖరీదైన సీటుకన్నా మేలు.

చివరగా మీకొక లెక్క. 80 కిలోల డ్రైవరున్న కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జారి గోడను గుద్దుకుని, 1.25 మీటర్ల దూరంలో ఆగింది. సీటు వెన్ను మీద ఎన్ని కిలోల భారం పడుతుంది? గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకోండి. మీ జవాబు 2,000 వస్తే మీ లెక్క సరైనదే.